చెప్పు కరిస్తే... 'చెరొత్తి'!

కొత్త బూట్లతో రోజంతా రోమ్ చుట్టేశారు. సాయంత్రానికి మడమ మీద పొక్కు. లేదంటే... అర్ధరాత్రి హోటల్లో బాబుకి ఒళ్లు కాలిపోతోంది. ఊరు కాని ఊరు, భాష రాదు. ఏం చేయాలి? ముందు ఆకుపచ్చ ప్లస్ గుర్తు బోర్డు కోసం చూడాలి. అదే 'ఫార్మచీఆ', మందుల షాపు. మూసి ఉంటే కంగారొద్దు. వంతు ప్రకారం తెరిచి ఉంచే షాపుని 'ఫార్మచీఆ ది తుర్నొ' అంటారు. ఆ వివరాలు తలుపు మీదే అంటిస్తారు.

ఇటాలియన్ మాటలూ తెలుగులాగే చాలావరకూ అచ్చులతో ముగుస్తాయి. పైగా ట, డ కాదు... త, ద అనే పలుకుతారు. అందుకే మన నోటికి తేలిగ్గానే పడతాయి.

లోపలికి వెళ్లగానే 'బువోన్ జోర్నో' అని పలకరించాలి. 'వొర్రేయ్' అంటే 'నాకు కావాలండీ' అని. దాని పక్కన వస్తువు పేరు చేరిస్తే చాలు. గాయానికి అంటించే ప్లాస్టర్లు 'చెరొత్తి', దూది 'కొతోనె', గాజ్ గుడ్డ 'గార్జా', కట్టు 'బెందా', గాయం శుభ్రం చేసే మందు 'దిజిన్‌ఫెత్తాంతె', థర్మామీటరు 'తెర్మోమెత్రో'.

బాబుకి జ్వరమైతే 'మీఓ ఫిల్యో ఆ లా ఫెబ్బ్రె', పాపకైతే 'మీఆ ఫిల్యా ఆ లా ఫెబ్బ్రె'. మూడేళ్లని చెప్పాలంటే 'ఆ త్రే ఆన్ని'. మన దగ్గరి బ్రాండు పేర్లు అక్కడివాళ్లకి తెలియకపోవచ్చు. 'పరాచెతమోలొ' అని మందు అసలు పేరే అడగాలి. యాంటీబయాటిక్స్ కావాలంటే మాత్రం డాక్టరు చీటీ ఉండాల్సిందే. దాన్ని 'రిచెత్తా' అంటారు. వంటకం తయారీ విధానానికీ ఇదే పేరు!

పెన్సిలిన్ పడనివాళ్లు ఒక్క వాక్యం కంఠతా పట్టాలి. మగవాళ్లయితే 'సోనో అల్లెర్జికో అల్లా పెనిచిల్లీనా', ఆడవాళ్లయితే 'అల్లెర్జికా'. పిల్లలకి పడకపోతే 'సోనో' బదులు 'ఎ' అనాలి. ఇదొక్కటీ ఇటాలియన్‌లో రాయించి పర్సులో పెట్టుకోవడం ఇంకా మంచిది.

మందు చేతికొచ్చాక 'క్వాంతె వోల్తె అల్ జోర్నో?' అని అడగండి. రోజుకి ఎన్నిసార్లు అని. 'ప్రీమా దేయ్ పాస్తి' అంటే భోజనానికి ముందు, 'దోపో ఇ పాస్తి' అంటే తర్వాత. పాస్తా తినమని కాదు సుమా!

ఊపిరాడకపోయినా, రక్తం ఆగకపోయినా షాపుల వెంట తిరగొద్దు. వెంటనే 112కి ఫోన్ చేయాలి. సాయం అందాక ఒక్క మాట మరవకండి... 'గ్రాత్సియె'. ధన్యవాదాలు!