శబ్దానికీ ఓ చిరునామా ఉంటుంది

మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో అప్పులు తీర్చగా మిగిలిన దాంతో 1998లో ఓ సెకండ్ హ్యాండ్ మారుతి 800 కొన్నారు. 1993 మోడల్, తెల్లరంగు. ఇంటి తలుపు ధడాలున వేసినా ఊరుకునేవారు గానీ, కారు తలుపు గట్టిగా వేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు.

2009 సంక్రాంతికి పిల్లలందరం విజయనగరంలో కలిశాం. ఆ కారులోనే ఎస్.కోట మీదుగా అరకు వెళ్లొచ్చాం. వచ్చిన రెండోరోజు నుంచి బానెట్ లోపల ఒకటే 'టక్... టక్... టక్'. ఎవరో లోపల కూర్చుని తలుపు కొడుతున్నట్టు!

షెడ్డుకి తీసుకెళ్లాం. అక్కడి కుర్రాడు బానెట్ ఎత్తి, ఒక్కసారి రేజ్ చేసి, పెదవి విరిచేశాడు. "బిగ్ ఎండ్ పోయింది సార్. ఇంజన్ దించాలి. పాతికవేలు పైమాటే. ఈ బండికి అంత దండగ, అమ్మేసుకోండి" అన్నాడు. తూకానికి కొనే మనిషి పేరు కూడా తనే చెప్పాడు.

నాన్నగారు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అమ్మతో మాత్రం, "రాత్రిపూటే ఎక్కువ కొట్టుకుంటోందే" అన్నారు. మేమంతా నవ్వేశాం. కారుకి రాత్రేంటి, పగలేంటి!

అమ్మేముందు ఎందుకైనా మంచిదని కోట దగ్గర ఉండే పాత మేస్త్రీకి చూపించాం. ఆయన బానెట్ ముట్టుకోలేదు. స్టూలు మీద కూర్చుని ప్రశ్నలు మొదలెట్టాడు. "ఎప్పట్నుంచి మాస్టారూ? పొద్దున్నే చల్లటి ఇంజన్లోనా, వేడెక్కాకా? నిలబడి ఉన్నప్పుడూ వస్తోందా, ఎత్తు ఎక్కేటప్పుడేనా?"

నాన్నగారు అన్నిటికీ జవాబు చెప్పి, చివర్లో కాస్త మొహమాటంగా "రాత్రిపూట ఎక్కువ" అన్నారు.

మేస్త్రీ నవ్వలేదు. "లైట్లేసినప్పుడా?" అన్నాడు.

ఇంజన్ స్టార్ట్ చేయించి హెడ్‌లైట్లు వేయించాడు. శబ్దం పెరిగింది. ఆర్పించాడు, తగ్గింది. ఇంజన్ ఆపి, ముందున్న బెల్టు తీసేసి మళ్లీ స్టార్ట్ చేయించాడు. శబ్దం లేదు! పది సెకన్లు విని ఆపించేశాడు. ఆ బెల్టుతో తిరిగేవి రెండే: నీళ్ల పంపు, ఆల్టర్నేటర్. ఆల్టర్నేటర్‌ని పట్టుకు ఊపితే కదిలింది. దాని కింది బోల్టు వదులైపోయింది, లోపలి బేరింగ్ అరిగిపోయింది. లైట్లు వేస్తే కరెంటు ఎక్కువ తయారుచేయాలి కాబట్టి దాని మీద బరువు పెరుగుతుంది. అందుకే రాత్రిపూట గోల! అంతా కలిపి నాలుగు వందల యాభై రూపాయలైంది.

ఆ రోజు మేస్త్రీ దగ్గర నేర్చుకున్నది, తర్వాత నా పాత బండ్లతో పడ్డ పాట్లలో తెలుసుకున్నది ఇక్కడ చెబుతాను. మీ ఇంట్లోనూ ఓ పాతబండి ఉండే ఉంటుంది కదా.

శబ్దం వినగానే ముందు చూడాల్సింది ఆయిల్. బండిని సమంగా ఉన్న చోట ఆపి, ఐదు పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీయండి. తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకి దిగిపోతే, మీ శబ్దానికి సగం జవాబు అక్కడే దొరికినట్టు. వేళ్ల మధ్య రాసి చూస్తే తళుకుతళుకుమనే లోహపు పొడి కనిపిస్తే మాత్రం బండి కదపకండి.

తర్వాత శబ్దం స్వభావం. పైనుంచి, కుట్టుమిషన్‌లా సన్నగా 'టిక్ టిక్' అంటే సాధారణంగా టాపెట్లు. సందు సరిచేస్తే చాలావరకు పోతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కొట్టుకుని, వేడెక్కాక సద్దుమణిగితే పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు పెరిగిందన్నమాట. వయసుతో వచ్చే మోకాళ్ల నొప్పిలాంటిదది. ఆయిల్ తాగకుండా, పొగ రాకుండా ఉంటే కంగారుపడక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు.

ఘాట్‌రోడ్డులో టాప్ గేర్లో ఎక్కిస్తుంటే డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తే, అది ఏ భాగమో అరిగిన శబ్దం కాదు. లోపల పెట్రోలు మండాల్సిన తీరులో మండకపోవడం. వెంటనే గేరు తగ్గించండి. మసి పేరుకున్నా, టైమింగ్ ముందుకి జరిగినా ఇలాగే అవుతుంది. ఈ జబ్బుకి మందుగా పెట్రోల్లో సీసం కలపొచ్చని 1921లో అమెరికాలో కనిపెట్టారు. ఇంజన్లకి బాగానే ఉంది గానీ మనుషులకి విషమైంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు ఆపేశారు.

ఇక భయపడాల్సిన శబ్దం ఒకటుంది. కిందనుంచి, బరువుగా, సుత్తితో కొట్టినట్టు 'ధక్ ధక్'. రేజ్ చేస్తే, బరువు పడితే పెరుగుతుంది. ఆ కుర్రాడు చెప్పిన బిగ్ ఎండ్ బేరింగ్ అదే. పాత కార్బురేటర్ బండ్లలో మెకానిక్ ఒక్కో ప్లగ్గు వైరూ తీసి చూస్తాడు. ఏది తీసినప్పుడు శబ్దం తగ్గితే జబ్బు ఆ సిలిండర్‌లో. కొత్తతరం ఇంజెక్షన్ బండ్లలో ఈ పని చేయనివ్వకండి. మండని పెట్రోలు వెళ్లి సైలెన్సర్ దారిలో ఉండే కన్వర్టర్‌ని పాడుచేస్తుంది.

ఎక్కణ్నుంచో తేల్చుకోవడానికి డాక్టర్ స్టెతస్కోప్‌లాగా మేస్త్రీకి పొడుగాటి స్క్రూడ్రైవర్ ఉంది. మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటాడు. మీరు ప్రయత్నిస్తే బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా ఉండండి. చీర కొంగులు, తువ్వాళ్లు అసలే వద్దు.

మా కథ విని ప్రతి శబ్దాన్నీ ఆల్టర్నేటరే అనుకునేరు! మా పెద్దమ్మగారబ్బాయి అలాగే "ఏమీ కాదులే" అనుకుని, ఎర్రటి ఆయిల్ లైటు వెలుగుతున్నా తన అంబాసిడర్‌ని ఇంకో పది కిలోమీటర్లు లాగించాడు. కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజన్ గోడనే చీల్చుకుని బయటికొచ్చింది. ఆ లైటు వెలిగితే ఇంటికి కాదు, రోడ్డు పక్కకి వెళ్లాలి. అప్పుడే ఆపి ఉంటే బేరింగులతో పోయేది. ఆపనందుకు ఇంజనే పోయింది. తొందరపడి విప్పించడం ఎంత తప్పో, ఆలస్యంగా ఆపడం అంతకన్నా పెద్ద తప్పు.

అందుకే షెడ్డుకెళ్లేముందు ఓ కాగితం మీద రాసుకోండి. ఎప్పుడు మొదలైంది, చల్లగానా వేడిగానా, నిలబడ్డప్పుడా ఎత్తులోనా, క్లచ్ తొక్కితే, లైట్లేస్తే ఏమైంది... ఇంజన్ దించమన్న మెకానిక్‌ని "ఎలా తేల్చావు బాబూ?" అని ఒక్కమాట అడగండి. తెలిసినవాడు చూపిస్తాడు. తెలియనివాడు విసుక్కుంటాడు. అన్నిటికన్నా ముందు, రోజూ ఆ బండి నడిపే మనిషి ఏం చెబుతున్నాడో నవ్వకుండా వినండి. మేం వినలేదు. వినుంటే ఆ వారంరోజులు నాన్నగారు కారు వైపు చూడకుండా గేటు దాటే అవసరం వచ్చేది కాదు.

2014 జనవరిలో మారుతి 800 తయారీ ఆపేశారన్న వార్త పేపర్లో వచ్చింది. నాన్నగారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, తాళాలు అందుకున్నారు.

"వాళ్లది ఆగితే ఆగిందిలే. పద, మనం అలా బజారుదాకా వెళ్లొద్దాం" అన్నారు.