మేలిరకం కోసం ఆగి ఉంటే...

అయిదు కిలోమీటర్ల దూరంలో, కిలోమీటరు ఎత్తున నాలుగున్నర లీటర్ల నీళ్లున్నాయి. వాటి వేడి 98 డిగ్రీల ఫారన్‌హీట్‌. నేలమీద నుంచి రేడియో తరంగాలు పంపి ఆ నీళ్లను 105 డిగ్రీలకు వేడెక్కించాలి. ఎంత విద్యుత్తు కావాలి?

పదో తరగతి ఫిజిక్స్‌ పేపర్లో ప్రశ్నలా ఉంది కదూ! 1935 ఆరంభంలో ఇంగ్లండ్‌లోని స్లౌ దగ్గరి రేడియో పరిశోధన కేంద్రంలో ఆర్నాల్డ్‌ విల్కిన్స్‌ అనే యువ శాస్త్రవేత్తకు ఆయన పైఅధికారి ఇచ్చిన లెక్క ఇది. నాలుగున్నర లీటర్లంటే ఇంచుమించుగా ఓ మనిషి ఒంట్లో ఉండే రక్తం. 98 డిగ్రీలు ఒంటి వేడి. విల్కిన్స్‌కు సంగతి ఇట్టే అర్థమైపోయింది. ఆకాశంలో ఎగిరే పైలట్‌ను నేలమీద నుంచే ‘ఉడికించడం’ సాధ్యమా అని అడుగుతున్నారన్నమాట!

ఆ పైఅధికారి రాబర్ట్‌ వాట్సన్‌-వాట్‌. స్కాట్లండ్‌లోని బ్రెకిన్‌ అనే చిన్న ఊళ్లో 1892లో ఓ వడ్రంగి ఇంట పుట్టి, డండీలో చదువుకున్న భౌతికశాస్త్రవేత్త.

ఇంత విడ్డూరమైన లెక్క ఎందుకొచ్చిందీ అంటే... భయం వల్ల. జర్మనీలో హిట్లర్‌ గద్దెనెక్కాడు. బాంబర్లు ఎలాగైనా వచ్చి తీరతాయి, వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు అని 1932లోనే బ్రిటన్‌ నాయకుడు బాల్డ్విన్‌ పార్లమెంటులో చెప్పేశారు. ఇంగ్లిష్‌ ఛానల్‌ ఇరుకైన చోట 33 కిలోమీటర్లే. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానానికి అది ఆరేడు నిమిషాల దారి. ఎదురెళ్లాల్సిన ఫైటర్‌ విమానం తగినంత ఎత్తుకు చేరాలంటే దానికి రెట్టింపు సమయం పడుతుంది. అప్పటిదాకా బ్రిటన్‌ దగ్గర ఉన్న ముందస్తు హెచ్చరిక ఏర్పాటల్లా తీరంలో కట్టిన కాంక్రీటు ‘చెవులు’. పెద్ద పెద్ద పళ్లేల్లాంటి ఆ గోడల ముందు నిలబడి ఇంజిన్ల చప్పుడు కోసం చెవులు రిక్కించేవారు. పక్కనుంచి ఓ మోటారు పడవ వెళ్లినా అంతా గందరగోళమే!

అందుకే ‘మరణ కిరణం’ మీద ఆశ పుట్టింది. అలాంటిదేమైనా వీలవుతుందా అని విమానయాన శాఖ వాట్సన్‌-వాట్‌ను అడిగింది.

పిడుగుల వేటగాడు

ఆయన్నే ఎందుకడిగారు? వాట్సన్‌-వాట్‌ అసలు ఉద్యోగం వాతావరణ శాఖలో. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1915లో చేరారు. పైలట్లకు ఉరుములూ మెరుపుల గురించి ముందే చెప్పడం ఆయన పని. మెరుపు మెరిసినప్పుడు రేడియోలో గరగరమని చప్పుడొస్తుంది చూడండి... ఆ చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో పట్టుకుంటే పిడుగులు పడే చోటు తెలిసిపోతుంది. కాకపోతే అది రెప్పపాటులో మాయమవుతుంది. దాన్ని కంటికి కనిపించేలా చేయడానికి 1920ల్లో ఆయన క్యాథోడ్‌ రే గొట్టాన్ని వాడారు. అంటే తెరమీద రేడియో తరంగాన్ని చూసే విద్య అప్పటికే చేతిలో ఉంది.

విల్కిన్స్‌ లెక్క తేల్చేశారు. అంత విద్యుత్తు పుట్టించడం అయ్యే పని కాదు. మరి వాళ్లకు ఏ రకంగా సాయపడగలమని వాట్సన్‌-వాట్‌ అడిగారు. విల్కిన్స్‌కు పోస్టాఫీసు ఇంజినీర్లు గతంలో చెప్పిన ఓ ఫిర్యాదు గుర్తొచ్చింది. దగ్గర్లో విమానం ఎగిరినప్పుడల్లా తమ రేడియో సిగ్నల్‌ వణికిపోతోందని వాళ్ల గోడు. అంటే లోహంతో చేసిన విమానం తరంగాలను వెనక్కి కొడుతోంది. విమానాన్ని కూల్చలేకపోయినా ఎక్కడుందో కనిపెట్టొచ్చుగా!

1935 ఫిబ్రవరి 12న ఆ ఆలోచన వివరమైన నివేదికగా విమానయాన శాఖకు చేరింది. ‘లెక్కలు బాగానే ఉన్నాయి, ముందు చేసి చూపించండి’ అన్నారు పరిశోధన విభాగం చూస్తున్న హ్యూ డౌడింగ్‌.

పరికరాలు తయారుచేసుకునే తీరిక లేదు. డావెంట్రీలో బీబీసీ వారి షార్ట్‌వేవ్‌ ట్రాన్స్‌మిటర్‌ ఎలాగూ పనిచేస్తోంది. దాన్నే వాడుకున్నారు. రెండు వారాల్లో, ఫిబ్రవరి 26న, ఓ వ్యాన్‌లో రిసీవర్‌ పెట్టుకుని పొలంలో కూర్చున్నారు. హేఫర్డ్‌ బాంబర్‌ ఒకటి అటూ ఇటూ తిరిగింది. తెరమీది పచ్చని చుక్క సాగింది, కుంచించుకుంది, మళ్లీ సాగింది. దాదాపు 13 కిలోమీటర్ల దూరం దాకా విమానం జాడ తెలిసింది. డౌడింగ్‌ పదివేల పౌండ్లకు పైగా నిధులు ఇప్పించారు.

బావిలోకి కేకేస్తే...

దీని కిటుకు తేలికే. బావిలోకి కేకేస్తే ప్రతిధ్వని వస్తుంది. అది ఎంతసేపటికి వచ్చిందో లెక్కిస్తే బావి లోతు చెప్పొచ్చు. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. పంపిన తరంగం సెకనులో వెయ్యోవంతు సమయానికి తిరిగొచ్చిందంటే విమానం 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు.

ఆ మేలోనే తూర్పు తీరంలోని ఆర్ఫర్డ్‌నెస్‌లో పని మొదలైంది. జూన్‌ 17న 27 కిలోమీటర్ల దూరంలోని విమానం దొరికింది. ఏడాది తిరక్కముందే తీరం వెంబడి కేంద్రాల వరస కట్టడానికి అనుమతి వచ్చింది. అదే ‘చెయిన్‌ హోమ్‌’.

అసలు కథ ఇక్కడుంది. చెయిన్‌ హోమ్‌ గొప్ప యంత్రమేమీ కాదు. 110 మీటర్ల ఉక్కు టవర్లు కదలకుండా నిలబడి సముద్రం వైపే చూసేవి. తల తిప్పడం తెలీదు. భూమి మీదికి వచ్చేసిన విమానం కనిపించదు. బాగా కిందుగా ఎగిరితే దొరకదు. తరంగదైర్ఘ్యం పదీ పన్నెండు మీటర్లు. చిన్న తరంగాలైతే ఇంకా నిక్కచ్చిగా తెలుస్తుందని వాళ్లకూ తెలుసు. కానీ వాటిని బలంగా పుట్టించే గొట్టాలు అప్పటికి లేవు. జర్మన్లు తయారు చేసుకున్న ‘ఫ్రేయా’ రాడార్‌ తరంగం సుమారు రెండున్నర మీటర్లే. యంత్రంగా చూస్తే వాళ్లదే నాణ్యమైనది.

అయినా వాట్సన్‌-వాట్‌ ఆగలేదు. ఆయనకో సిద్ధాంతం ఉండేది. సైన్యానికి ముందు మూడోరకం సరుకు ఇచ్చేయాలి. రెండోరకం తయారయ్యేసరికి ఆలస్యమైపోతుంది, మొదటిరకం ఎన్నటికీ రాదు అనేవారాయన. శాస్త్రవేత్త నోట ఇలాంటి మాట వింతగానే ఉంటుంది. కానీ 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యేనాటికి ఇరవై దాకా ‘మూడోరకం’ కేంద్రాలు పనిచేస్తున్నాయి!

యంత్రం వెనక మనుషులు

1940 వేసవిలో జర్మన్‌ విమానాలు వందల సంఖ్యలో విరుచుకుపడ్డాయి. అప్పటికి డౌడింగ్‌ ఫైటర్‌ దళాధిపతి. తెరమీద చుక్క కనిపించగానే ఫోను. లండన్‌ శివార్లలోని బెంట్లీ ప్రయరీలో ఒకే విమానాల గుంపు గురించి వేర్వేరు కేంద్రాలు చెప్పిన కబుర్లను సరిపోల్చి వడకట్టేవారు. బల్లమీద పరిచిన పటంపై గుర్తులు కదిలేవి. నేలమీదికి వచ్చాక విమానాలను కళ్లతో చూసి చెప్పడానికి ‘అబ్జర్వర్‌ కోర్‌’ వారు ఉండేవారు. కొన్ని నిమిషాల్లో ఆదేశం పైలట్‌ చెవిలో పడేది. ఈ పనుల్లో చాలాభాగం మహిళా సహాయక దళంలోని అమ్మాయిలే చేశారు.

జర్మన్ల దగ్గర మంచి రాడార్‌ ఉంది. కబురును ఇంత వేగంగా పైలట్‌ దాకా చేర్చే ఏర్పాటు మాత్రం అప్పటికి లేదు. ఫైటర్లు పొద్దస్తమానం గాల్లో కాపలా తిరగకుండా, అవసరమైనప్పుడే, అవసరమైన చోటికే లేచేవి. పెట్రోలూ పైలట్లూ మిగిలారు. ఆగస్టు 12న నాలుగు కేంద్రాల మీద బాంబులు పడ్డాయి. వెంట్నర్‌ కేంద్రం కొన్నాళ్లు మూగబోయింది. మిగతా మూడూ త్వరలోనే మళ్లీ పనిలోకొచ్చాయి. మూడు రోజుల తర్వాత, ఈ దాడుల వల్ల లాభం లేదనుకున్నాడు జర్మన్‌ వైమానిక దళాధిపతి గోరింగ్‌. అతను చేసిన పెద్ద తప్పుల్లో ఇదొకటంటారు చరిత్రకారులు.

మరి రాడార్‌ను కనిపెట్టింది వాట్సన్‌-వాట్‌ ఒక్కరేనా? కాదు. జర్మన్‌ ఇంజినీరు హుల్స్‌మేయర్‌ 1904లోనే రేడియో తరంగాలతో ఓడల జాడ పట్టి చూపించాడు. 1930ల్లో జర్మనీ, అమెరికా సహా చాలా దేశాలు ఎవరికి వారే ఈ పనిలో ఉన్నాయి. ‘రాడార్‌’ అన్న పేరు కూడా 1940లో అమెరికా నౌకాదళం పెట్టిందే. లెక్క కట్టింది, విమానాల సంగతి గుర్తు చేసింది విల్కిన్స్‌. వాట్సన్‌-వాట్‌ చేసిందల్లా ఆ ఆలోచనను ఫైలులో పడి ఉండనివ్వకపోవడం, నిధులు సాధించడం, మనుషుల్ని కూడగట్టడం, గడువులోగా నిలబెట్టడం. 1942లో ఆయనకు ‘సర్‌’ బిరుదు, 1952లో 50 వేల పౌండ్ల బహుమతి దక్కాయి. విల్కిన్స్‌ పేరు మాత్రం సామాన్యులెవరికీ తెలీదు. ఆ వెలితి ఇప్పటికీ అలాగే ఉంది.

తర్వాతి కథ సరదాగా ఉంటుంది. 1950ల్లో కెనడాలో కారు వేగంగా నడుపుతూ వాట్సన్‌-వాట్‌ పోలీసులకు దొరికిపోయారు. పట్టించింది రాడార్‌! దీనికి ఇలాంటి ఉపయోగం ఉందని తెలిస్తే కనిపెట్టేవాణ్ని కాదని ఆయన అన్నట్టు చెబుతారు. ఆ ముచ్చట మీద తనే ఓ హాస్య కవిత కూడా రాసుకున్నారు. 1973లో ఇన్వర్నెస్‌లో కన్నుమూశారు.

పిడుగుల వేటలో మొదలైన విద్య చివరికి మళ్లీ ఆకాశం చూడ్డానికే వచ్చింది. తిరుపతి దగ్గర గాదంకిలో పైవాతావరణంలోని గాలుల్ని చదివేది రాడారే. తుపాను పట్టినప్పుడు మచిలీపట్నం, విశాఖల్లోని డాప్లర్‌ రాడార్లు మేఘాల్లోని చినుకుల నుంచి తిరిగొచ్చే తరంగాలనే పట్టుకుంటాయి. అక్కడా సూత్రం అదే. వచ్చేదేదో ఇంకా దూరాన ఉండగానే తెలియాలి. తీరంలో ఉన్నవాళ్లకు ఒడ్డు దాటాక అందే మేలైన సమాచారం కన్నా ముందురోజు అందే ఓ మాదిరి హెచ్చరికే విలువైనది. 1935లో మొదటిరకం కోసం ఆగుదామని ఎవరైనా అని ఉంటే, 1940 వేసవిలో ఆ తీరంలో కాంక్రీటు చెవులే మిగిలి ఉండేవి.