బీపీ బిళ్ళ పక్కన నొప్పి బిళ్ళ

నోటితో వేసుకునే మామూలు నిమెసులైడ్ నొప్పి బిళ్ళ 100 మిల్లీగ్రాములు దాటకూడదని కేంద్ర ఆరోగ్యశాఖ 2025 డిసెంబరు 29న నిషేధం పెట్టింది. మంచిదే. లివర్ దెబ్బతింటుందని ఫిన్లాండ్, స్పెయిన్ 2002లోనే ఆ మందును పక్కన పెట్టాయి. మనం పన్నెండేళ్లలోపు పిల్లలకు వద్దనేసరికి 2011 వచ్చింది. అయితే మా ఆత్రేయపురంలో జనం అడిగి కొనుక్కునేది ఎప్పుడూ వంద బిళ్ళే. దానికేం కాలేదు. అది దొరక్కపోతే డైక్లోఫెనాక్ అనే ఇంకో నొప్పి బిళ్ళ ఉండనే ఉంది.

ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ పూతరేకులు తీసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటాను. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద పరిచి లాగితే రేకు లేస్తుంది. పొద్దుటి నుంచీ అదే చెయ్యి, అదే భుజం. పూతరేకుకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. భుజం నొప్పి సంగతి ఎవరికీ పట్టలేదు.

ఒకావిడ మందుల డబ్బా తెరిచి చూపించింది. బీపీకి టెల్మిసార్టాన్, అందులోనే ఒంట్లో నీరు లాగే మందు కలిపింది. పక్కనే కత్తిరించిన డైక్లోఫెనాక్ ముక్క. పేరు సగమే ఉంది, గడువు తేదీ ఎగిరిపోయింది.

"రోజూ వేస్తున్నావా?"

"ఏసుకోకపోతే చెయ్యి లేవదండి నర్సమ్మగారూ. కొట్లో అడిగితే ఇచ్చేత్తారు, ఆయ్."

నొప్పి బిళ్ళ కిడ్నీలోకి రక్తం వచ్చే దారిని ఇరుకు చేస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే దారిని వదులు చేస్తుంది. మూడోది, ఆ నీరు లాగే మందు, ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. దానికి తోడు మంట దగ్గర కారే చెమట. కిడ్నీ ఎన్నాళ్లు తట్టుకుంటుంది? బీపీ మందు రాసిన డాక్టరు తప్పేం లేదు, ఈ నొప్పి బిళ్ళ సంగతి ఆయనకి తెలియదు.

డైక్లోఫెనాక్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. ఆ రూలు పాతదే, పాటించేవాళ్లే లేరు. అడగ్గానే బిళ్ళ ఇచ్చే ఊరి ఆర్ఎంపీ డాక్టర్లను తిట్టి కూడా లాభం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది వాళ్లే. నేనడిగేది చిన్నది. నొప్పి బిళ్ళ ఇచ్చే ప్రతివాళ్లూ "బీపీ మందు వాడుతున్నారా?" అని అడిగి తీరాలి. నెలనెలా బీపీ మందులిచ్చే మా ఏఎన్ఎంలు డబ్బా మొత్తం తెరిపించి చూడాలి, అప్పుడప్పుడూ కిడ్నీ సంగతి తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. రేకులు కొనే వ్యాపారులు పని మధ్యలో ఆగడానికి కాస్త టైమివ్వాలి.

ఆవిడ పరీక్షకి వస్తానంది. సంక్రాంతి ఆర్డర్లు అయ్యాకట.