మేతబీళ్ల మీదుగా సాగే సరిహద్దు

అమెరికా, మెక్సికో దేశాల మధ్య సరిహద్దు పొడవు సుమారు 3,145 కిలోమీటర్లు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు టెక్సాస్ రాష్ట్రపు అంచున రియో గ్రాండే నది వెంబడి సాగుతుంది. కాలిఫోర్నియా, అరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల్లో సరిహద్దును ఆనుకున్న 60 అడుగుల పట్టీని అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1907లోనే ఫెడరల్ ప్రభుత్వం కోసం ప్రత్యేకించాడు. టెక్సాస్ మాత్రం 1845లో యూనియన్‌లో చేరేటప్పుడు తన బంజర్లను తన దగ్గరే ఉంచుకుని క్రమంగా పంచిపెట్టింది, అమ్ముకుంది. నేడు అక్కడ నూటికి 95 వంతుల నేల ప్రైవేటు చేతుల్లో ఉంది. కాబట్టి టెక్సాస్‌లో వలస చట్టాన్ని అమలు చేయడమంటే ఎవరో ఒకరి పొలంలో అమలు చేయడమే. ఆ పొలాల్లో చాలా భాగం రాంచ్‌లు, అంటే మాంసపు పశువుల పెంపకం కోసం వందల నుంచి లక్షల ఎకరాల దాకా విస్తరించిన మేతభూములు. రిపబ్లికన్, డెమొక్రటిక్ పార్టీలు మూడు దశాబ్దాలుగా వాషింగ్టన్‌లో సాగిస్తున్న వలస వివాదం చివరికి వచ్చి పడేది ఈ నేల మీదే. దాని బరువు మోసేవారిలో రాంచ్ మహిళలు ముందువరుసలో ఉన్నారు. ఎన్నికల ప్రసంగాలకు వారి భయాలు కావాలి గాని, చట్టాలు రాసేటప్పుడు వారి అనుభవాన్ని అడిగేవారు అరుదు.

ఈ ప్రాంతపు భూమి మీద స్త్రీల హక్కు కొత్తది కాదు. నది రెండు ఒడ్డులూ స్పెయిన్ ఏలుబడిలో ఉన్న కాలంలో, పెళ్లయిన స్త్రీకి కూడా సొంత ఆస్తిని గుర్తించే స్పానిష్ న్యాయం కింద, రోసా మారియా హినోహోసా దె బాయీ అనే వితంతువు 1803లో చనిపోయే నాటికి పది లక్షల ఎకరాలకు పైగా భూమికి యజమానురాలు. స్వతంత్ర టెక్సాస్ 1840లో ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయాన్ని స్వీకరించినా, భార్యాభర్తల సంపాదన ఇద్దరిదీ అనే స్పానిష్ సూత్రాన్ని మాత్రం వదులుకోలేదు. అయితే ఉమ్మడి ఆస్తి నిర్వహణలో భార్యకు సమానాధికారం దక్కడానికి 1967 దాకా ఆగవలసి వచ్చింది. హెన్రియెటా కింగ్ సంగతి ఇంకా ప్రసిద్ధం. 1885లో భర్త పోయినప్పుడు ఆమె చేతికి సుమారు ఐదు లక్షల ఎకరాలతో పాటు ఐదు లక్షల డాలర్ల అప్పు కూడా వచ్చింది. అల్లుడి సాయంతో నలభై ఏళ్లు ఆ రాంచ్‌ను నడిపి 1925లో ఆమె కన్నుమూసే నాటికి అది పది లక్షల ఎకరాలు దాటింది. ఆ సంపద వెనుక ఉన్న శ్రమ మెక్సికోది: 1854లో కరవుతో అల్లాడుతున్న క్రూయియాస్ అనే మెక్సికన్ గ్రామం పిల్లాజెల్లాతో సహా కింగ్ రాంచ్‌కు తరలివచ్చింది, ఆ కుటుంబాలు తరతరాలుగా అక్కడే పశువుల కాపరులుగా, వంటవారిగా, ఇంటి పనివారిగా కుదురుకున్నాయి. తెలుగు పాఠకులకు దగ్గరి విషయం ఒకటుంది. ఆ రాంచ్‌లో రూపొంది 1940లో గుర్తింపు పొందిన శాంటా గెర్ట్రూడిస్ పశుజాతి, బ్రాహ్మన్ ఆబోతులను షార్ట్‌హార్న్ ఆవులతో దాటించగా వచ్చింది. ఎండను, పిడుదులను తట్టుకునే ఆ అమెరికన్ బ్రాహ్మన్ జాతి మూలాల్లో అక్కడివారు నెల్లూరు అని పిలిచే మన ఒంగోలు పశువుల రక్తం కూడా ఉంది. పశువులు, మనుషులు, మెళకువలు సరిహద్దు దాటి రావడం వల్లనే ఈ పరిశ్రమ నిలబడింది.

అదే నేల మీద అమలు యంత్రాంగపు తొలి రూపం రక్తసిక్తమైనది. 1918 జనవరి 28న టెక్సాస్ రేంజర్లు, అంటే ఆ రాష్ట్రపు సాయుధ పోలీసులు, స్థానిక రాంచర్లతో కలిసి పోర్వెనీర్ అనే నదీతీర పల్లెలో 15 మంది మెక్సికన్ సంతతి పురుషులను, బాలురను కాల్చి చంపారు. మిగిలిన స్త్రీలు పిల్లలను వెంటబెట్టుకుని నది దాటి మెక్సికోకు పారిపోయారు. రాష్ట్ర శాసనసభ్యుడు హోసె తోమాస్ కనాలెస్ పట్టుదలతో 1919లో రేంజర్ల అకృత్యాలపై విచారణ జరిగినా, ఆ పల్లె మళ్లీ లేవలేదు. రాంచ్ మహిళ అనగానే గుర్రమెక్కిన తెల్లజాతి యజమానురాలిని మాత్రమే తలచుకునే అలవాటు ఈ వితంతువులను చరిత్ర నుంచి తుడిచివేసింది. వ్యవసాయ గణన కూడా చాలాకాలం ఇదే లోపంతో సాగింది: ఒక్కో కమతానికి ఒక్క నిర్వాహకుడి పేరే రాసుకునే పద్ధతి 2002లో సడలి, 2017లో నిర్ణయాలు తీసుకునే నలుగురి వరకు వివరాలు నమోదు చేయడం మొదలయ్యాకే అమెరికా సాగుదారుల్లో 36 శాతం స్త్రీలని తేలింది. ఎప్పటినుంచో ఉన్నవారే అప్పుడు లెక్కలోకి వచ్చారు.

ప్రస్తుత కష్టానికి బీజం 1993, 1994 సంవత్సరాల్లో పడింది. ఎల్ పాసో, శాన్ డియాగో వంటి నగరాల దగ్గర గస్తీని కట్టుదిట్టం చేస్తే, దాటదలచినవారు ఎడారులకు, ముళ్ల పొదలకు మళ్లి, అక్కడి కష్టానికి జడిసి వెనక్కి తగ్గుతారన్నది క్లింటన్ ప్రభుత్వ హయాంలో సరిహద్దు గస్తీ సంస్థ అయిన బోర్డర్ పెట్రోల్ రచించిన వ్యూహం. మనుషులు మళ్లారు గాని, తగ్గలేదు. నగర వీధుల్లో జరిగేది రాంచ్‌లలోకి వచ్చిందంతే. సరిహద్దుకు 110 కిలోమీటర్ల లోపల, బ్రూక్స్ కౌంటీలోని ఫాల్ఫూరియాస్ పట్టణం దగ్గర జాతీయ రహదారి మీద ఒక వలస తనిఖీ కేంద్రం ఉంది. దాన్ని తప్పించుకోవడానికి దొంగరవాణా ముఠాలు మనుషులను ముందే వాహనాల నుంచి దింపి, ఇసుక నేలలో రాంచ్‌ల గుండా రోజుల తరబడి నడిపిస్తాయి. సుమారు ఏడు వేల జనాభా ఉన్న ఆ కౌంటీలో 2012 ఒక్క సంవత్సరంలోనే 129 మృతదేహాలు దొరికాయి. గుర్తింపు దొరకని వారిని ఫాల్ఫూరియాస్ శ్మశానంలో పాతిపెట్టగా, 2013 నుంచి విశ్వవిద్యాలయాల మానవశాస్త్ర ఆచార్యులు ఆ దేహాలను తవ్వి తీసి, ఎముకల ఆధారంగా పేర్లు తెలుసుకునే పని చేపట్టారు; ఆ బృందాలకు నాయకత్వం వహించిన లోరీ బేకర్, కేట్ స్ప్రాడ్లీ ఇద్దరూ స్త్రీలే.

ఈ గస్తీ వ్యూహం రాంచ్ దినచర్యలో ఏమి మార్చిందో రాజకీయ ప్రసంగాల్లో సరిగా వినపడదు. కంచె ఒకచోట తెగితే పశువులు రహదారి మీదికి పోతాయి, లేదా పొరుగు మందలో కలుస్తాయి. వాటిని వేరుచేసి, ముద్రలు చూసి, తిరిగి తోలుకురావడానికి రోజులు పడతాయి. నీటి తొట్టికి నీరు చేర్చే గొట్టాన్ని దాహంతో ఎవరో విరగ్గొడితే, వేసవిలో మంద మొత్తం ప్రమాదంలో పడుతుంది. అందుకే కొందరు యజమానులు కంచె తెగకుండా దానికే నిచ్చెనలు ఆనించి పెట్టారు, మరికొందరు స్వచ్ఛంద సంస్థలు నీటి పీపాలు పెట్టడానికి తమ భూమిలో చోటిచ్చారు. పోలీసులు వెంటాడే వాహనాలు కంచెలను గుద్దుకుని లోపలికి చొచ్చుకురావడం ఇంకో నష్టం. ఆరోగ్య బీమా కోసం భార్యాభర్తల్లో ఒకరు బయట ఉద్యోగం చేసే కుటుంబాలు అమెరికా పల్లెల్లో సర్వసాధారణం. అలాంటి ఇంట్లో పగలంతా ఒంటరిగా ఉండే మనిషే కంచె చూసుకోవాలి, తలుపు తట్టిన అపరిచితుడికి నీళ్లివ్వాలా వద్దా తేల్చుకోవాలి, పొదల్లో శవం కనిపిస్తే షెరీఫ్‌కు ఫోన్ చేయాలి. భయమూ జాలీ ఒకే మనిషిలో ఒకే పూట కలిసి ఉండగలవని అంగీకరించడానికి రెండు పార్టీల ప్రచారానికీ మనసొప్పదు. ఒకరికి ఆమె కేవలం బాధితురాలు, మరొకరికి కఠినాత్మురాలు.

చట్టం ముందు ఈ మహిళల స్థానం అనుకున్నంత బలమైనది కాదు. సరిహద్దుకు 25 మైళ్ల, అంటే సుమారు 40 కిలోమీటర్ల లోపు, నివాస గృహాల్లోకి తప్ప ఏ ప్రైవేటు భూమిలోకైనా వారంటు లేకుండా వెళ్లే అధికారం బోర్డర్ పెట్రోల్‌కు ఉంది. సరిహద్దు గోడ కట్టాలనుకుంటే 1931 నాటి భూస్వాధీన చట్టం ప్రకారం ప్రభుత్వం కోర్టులో ప్రకటన దాఖలు చేసి, తాను అంచనా వేసిన పరిహారాన్ని జమ చేసిన క్షణం నుంచే భూమి దానిదవుతుంది, బేరసారాలు ఆ తర్వాతే. 1767 నాటి స్పానిష్ భూదానం నుంచి వారసత్వంగా మిగిలిన మూడెకరాలను కాపాడుకోవడానికి ఎల్ కలబోస్ గ్రామంలో ఎలోయిసా టామెజ్ అనే నర్సింగ్ ఆచార్యురాలు ఏళ్ల తరబడి పోరాడినా, గోడ ఆమె పొలాన్ని చీల్చుకునే వెళ్లింది. పావెకరానికి 56,000 డాలర్ల పరిహారం దక్కింది. ఆ గోడకు ఆధారమైన 2006 నాటి చట్టంపై సంతకం చేసినది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ బుష్ అయితే, సెనేట్‌లో దానికి లభించిన 80 ఓట్లలో అప్పటి డెమొక్రాట్ సెనేటర్లు ఒబామా, బైడెన్, హిల్లరీ క్లింటన్‌ల ఓట్లూ ఉన్నాయి. అధికారంలోకి వచ్చిన రోజునే గోడ పనులను ఆపించిన బైడెన్ ప్రభుత్వమే 2023 అక్టోబరులో స్టార్ కౌంటీలో గోడ కోసం 26 ఫెడరల్ చట్టాలను పక్కనపెట్టింది. విధానంలో పార్టీల మధ్య తేడా నిజమే గాని, భూమి పోయినవారికి ఆ తేడా అంతగా కనిపించలేదు.

2021 మార్చిలో టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ ప్రారంభించిన ఆపరేషన్ లోన్ స్టార్ అనే రాష్ట్ర సరిహద్దు కార్యక్రమం కింద రాంచ్ యజమానులు అమలు యంత్రాంగంలో భాగస్వాములయ్యారు. వలస చట్టం ఫెడరల్ పరిధిలోనిది గనుక రాష్ట్రం దానికి బదులు ప్రైవేటు భూమిలోకి అక్రమ ప్రవేశపు నేరాన్ని వాడుకుంది; అందుకు భూయజమాని తన పొలంలోకి రావద్దని లిఖితపూర్వకంగా తెలిపి, అరెస్టులకు అంగీకరించాలి. పొరుగువాడు సంతకం చేశాక తాను చేయకపోతే ఏ పక్షమో చెప్పుకోవలసిన పరిస్థితి ఏర్పడి, అంతవరకు పశువుల జాడ, వర్షాల సంగతి మాట్లాడుకునే ఇరుగుపొరుగు మధ్య పార్టీ గీత పడింది. మొదట్లో ఈ నేరం కింద పురుషులనే పట్టుకుని, స్త్రీలను, కుటుంబాలను బోర్డర్ పెట్రోల్‌కు అప్పగించడంతో, లింగవివక్ష అంటూ కోర్టుల్లో వ్యాజ్యాలు కూడా నడిచాయి.

శ్రమ విషయంలో ద్వంద్వ నీతి మరీ పాతది. 1952 నాటి వలస చట్టంలో, పత్రాలు లేనివారికి ఆశ్రయమివ్వడాన్ని నేరం చేస్తూనే, వారికి పని ఇవ్వడం ఆశ్రయం కిందికి రాదని టెక్సాస్ రైతుల ఒత్తిడితో ఒక మినహాయింపు చేర్చారు. 1986 దాకా అది నిలిచింది. నేటికీ అమెరికా పంటపొలాల కూలీల్లో దాదాపు 40 శాతానికి చట్టబద్ధ పత్రాలు లేవు. విదేశీ వ్యవసాయ కూలీలకిచ్చే హెచ్-2ఎ వీసా రుతువులను బట్టి నడిచే పనులకు ఉద్దేశించినది, ఏడాది పొడవునా సాగే పశుపోషణకు అది సరిగా అమరదు. 2025 జూన్‌లో ట్రంప్ ప్రభుత్వం పొలాల మీద దాడులను ఆపమని ఆదేశించి, కొద్ది రోజుల్లోనే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నప్పుడు, ఆ ఊగిసలాట అంతా కూలీల ఇళ్లలో పడింది. పత్రాలు లేని తల్లి నదికీ తనిఖీ కేంద్రానికీ మధ్య చిక్కుకుని ఉంటుంది. బిడ్డకు శాన్ ఆంటోనియోలోని పెద్ద ఆసుపత్రి అవసరమైతే ఆ కేంద్రాన్ని దాటడమే ఆమెకు గండం. ఆమె కూడా రాంచ్ మహిళే.

ఇవన్నీ చూసి ఈ ప్రాంతపు స్త్రీలు ఫలానా పార్టీకే ఓటు వేస్తారని ఊహించడం పొరపాటు. మెక్సికోలో పుట్టి, వలస కూలీల కుమార్తెగా పెరిగి, బోర్డర్ పెట్రోల్ ఉద్యోగిని పెళ్లాడిన మైరా ఫ్లోరెస్ 2022 జూన్ ఉప ఎన్నికలో రిపబ్లికన్‌గా కాంగ్రెస్‌కు ఎన్నికైంది. జనాభాలో అత్యధికులు హిస్పానిక్‌లైన స్టార్ కౌంటీ, 1892 తర్వాత తొలిసారిగా 2024లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిని గెలిపించింది. ఇతర ఉద్యోగాలు అరుదైన ఇక్కడ బోర్డర్ పెట్రోల్ జీతం, బీమా చాలా ఇళ్లకు ఆధారం. అదే ఇంట్లో పత్రాలు లేని మేనత్త కూడా ఉండవచ్చు. అదే 2024 ఫిబ్రవరిలో, ఇరు పార్టీల సెనేటర్లు కలిసి రాసిన సరిహద్దు బిల్లు ట్రంప్ వ్యతిరేకత తర్వాత 49-50 ఓట్లతో ఆగిపోయింది. సమస్య తీరడం కన్నా రగులుతూ ఉండటమే ఎన్నికలకు ఉపయోగమన్న లెక్క అక్కడ గెలిచిందని చెప్పక తప్పదు.

2025 జులైలో ఆమోదించిన చట్టం గోడకు 46.5 బిలియన్ డాలర్లు కేటాయించింది. ఈలోగా నది దాటేవారి సంఖ్య దశాబ్దాల కనిష్ఠానికి పడిపోయినా, రాంచ్‌లకు మరో దిక్కు నుంచి ముప్పు వచ్చింది: పశువుల పుండ్లలో గుడ్లు పెట్టే, ఆ గుడ్ల నుంచి వచ్చే పురుగులు సజీవ మాంసాన్ని తినే స్క్రూవార్మ్ ఈగ మెక్సికోలో ఉత్తరంగా పాకడంతో, ఏటా పది లక్షలకు పైగా వచ్చే మెక్సికన్ పశువుల దిగుమతిని అమెరికా 2025 మేలో నిలిపివేసింది. ఇలాంటి ముప్పు ఈ నేలకు కొత్తది కాదు: పశువులకు సోకే పిడుదుల జ్వరం అమెరికాలోకి రాకుండా 1906 నుంచి నది వెంబడి గుర్రాల మీద తిరిగే ప్రభుత్వ కాపరుల వ్యవస్థ ఉంది. రాంచ్ యజమానులతో కలిసి, వారి మందలను స్వయంగా చూస్తూ అది శతాబ్దం పైగా పనిచేసింది. మనుషుల విషయంలోనూ అలాంటి సహకారం ఒకసారి సాధ్యమైంది. గుర్తు తెలియని మృతదేహాల ఖర్చుతో కుంగిపోతున్న కౌంటీలకు గ్రాంట్లు, దారి తప్పినవారు సాయం పిలిచేందుకు రక్షణ స్తంభాలు సమకూర్చే చట్టాన్ని టెక్సాస్ రిపబ్లికన్ సెనేటర్ జాన్ కోర్నిన్, అప్పటి డెమొక్రాట్ సెనేటర్ కమలా హారిస్ కలిసి ప్రతిపాదించగా, 2020 డిసెంబరు 31న ట్రంప్ దానిపై సంతకం చేశాడు. పోలీసులు వాహనాలను వెంటాడినప్పుడు కూలిన కంచెకు ఫెడరల్ పరిహారం, ఏడాది పొడవునా చెల్లే పశుపోషణ వీసా, వైద్యం కోసం తనిఖీ కేంద్రం దాటే తల్లులకు అరెస్టు నుంచి మినహాయింపు: ఈ మూడింటికీ గోడ పద్దుపై జరిగిన చర్చలో వెయ్యోవంతు జరిగినా, బ్రూక్స్, స్టార్ కౌంటీల స్త్రీలు ఏ పార్టీ వారైనా సాక్ష్యం చెప్పడానికి ముందుకు రాగలరు.