ప్రయోగశాల దాటని పాఠం

జ్వరానికి కారణం ఆరేళ్లకు తేలినా శాస్త్రానికి అది విజయమే. రోగి మాత్రం ఆరు రోజులు కూడా ఆగలేడు. సూరత్ ప్లేగు ఉదంతం నేర్పిన మొదటి పాఠం ఇదే.

1994 సెప్టెంబరులో ఆ నగరంలో ఊపిరితిత్తుల ప్లేగు తలెత్తింది. దేశంలో 50 మందికి పైగా మరణించారు. లక్షలాది జనం ఊరు విడిచి పారిపోయారు. వారిలో వలస కార్మికులే అధికం. మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన నేత కుటుంబాలకు సూరత్ పరాయి ఊరు కాదు. కనుక ఆ విపత్తు తెలుగువారికి దూరపు వార్త కాలేదు.

వచ్చింది అసలు ప్లేగేనా అన్న వివాదం కూడా ఆనాడు చెలరేగింది. దాన్ని తేల్చేందుకు ఏర్పడిన నిపుణుల సంఘానికి శ్రీకాకుళంలో జన్మించిన వైద్య శాస్త్రజ్ఞుడు వులిమిరి రామలింగస్వామి అధ్యక్షత వహించారు. రోగకారకం ప్లేగు సూక్ష్మజీవేనని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు జన్యు పరీక్షలతో నిర్ధారిస్తూ 2000లో పరిశోధన ప్రకటించారు. శాస్త్రం తన బాధ్యత నెరవేర్చింది. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో నగరపాలక సంస్థ వీధులను శుభ్రపరచి, అధికారులను కార్యాలయాల నుంచి వాడల్లోకి నడిపించింది.

అయితే ఆ శుద్ధి నగరానికి జరిగింది. బార్డోలీ మార్గం జాతీయ రహదారిని దాటే చోట ఉన్న కడోదరా వంటి ఊళ్ల సంగతి వేరు. అక్కడ ఒకవైపు బట్టల మిల్లులు, కార్మికుల ఇరుకు గదులు. మరోవైపు చెరకు పొలాలు, పశువులు. దక్షిణ గుజరాత్‌ను ఏటా వర్షాకాలంలో వేధించే లెప్టోస్పైరోసిస్‌కు అనువైన నేల అది. ఎలుకలు, పశువుల మూత్రంతో కలుషితమైన నీటిలో దిగినవారి చర్మంపై గాట్ల ద్వారా ఆ క్రిమి శరీరంలోకి చొరబడుతుంది. మొదట మామూలు జ్వరమే అనిపిస్తుంది. ముదిరితే మూత్రపిండాలు, కాలేయం, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

రక్తంలో ప్రతిరక్షకాలను వెతికే పరీక్షలు సాధారణంగా తొలి రోజుల్లో వ్యాధిని పట్టలేవు. తొలి దశలోనే గుర్తించగల పీసీఆర్ పరీక్షకు తగిన ప్రయోగశాల కావాలి. కాబట్టి లక్షణాలను, రోగి చేసే పనిని బట్టి అనుమానించి వెంటనే చికిత్స ప్రారంభించడమే మార్గం. ఆలస్యం కాకపోతే చవకైన డాక్సీసైక్లిన్ వంటి మందులే ప్రాణం నిలుపుతాయి. పశువుల టీకాలున్నా, వాటి రక్షణ టీకాలో చేరిన క్రిమి రకాలకే పరిమితం.

ఇక్కడే పాలనా యంత్రాంగం వైఫల్యం బయటపడుతుంది. మనుషుల జ్వరం ఒక శాఖది, పశువుల రోగం మరొక శాఖది, మురుగు కాలువ ఇంకొకరిది. క్రిమికి ఈ సరిహద్దులు లేవు. పశువైద్యుడికి తెలిసిన సమాచారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అదే రోజు చేరాలి. సెలవు పెడితే కూలి పోతుందని జ్వరంతోనే పనికి వెళ్లే వలస కార్మికుడి గది దాకా ఆరోగ్య కార్యకర్త నడవాలి. అతని భాషలో అతన్ని పలకరించాలి.

పరిశోధనలకు ప్రశంసలు దక్కవలసిందే. కాని వాటి విలువను కొలవవలసింది పత్రాల సంఖ్యతో కాదు, కడోదరాలో జ్వరపడ్డ కూలీకి సకాలంలో మందు అందిందా అన్న ఒక్క ప్రశ్నతో. ప్లేగు వెళ్లాక మేలుకున్న యంత్రాంగం, ఈసారైనా వానకు ముందే మేలుకోవాలి.