సైకిల్ మీ కొలతకా? షాపు స్టాకుకా?

ఒకసారి మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగి చూడండి. స్తంభాల పక్కన, పాత ఫ్రిజ్ అట్టపెట్టెల వెనక, గాలి దిగిపోయిన టైర్లతో కనీసం రెండు మూడు గేర్ల సైకిళ్లు కనిపిస్తాయి. 2020లో కరోనా దెబ్బకు జిమ్‌లు మూతపడి అందరూ ఒక్కసారిగా సైకిళ్ల మీద పడ్డప్పుడు కొన్నవి కొన్ని. ‘షుగర్ బార్డర్‌లో ఉంది, కాస్త ఒళ్లు వంచండి’ అని డాక్టరు చెప్పాక కొన్నవి కొన్ని. ఎందుకు మానేశారని అడిగితే ఇంచుమించు ఒకే జవాబు వస్తుంది. ‘‘నడుం పట్టేసిందండీ.’’ లేదా, ‘‘మోకాళ్ల నొప్పులు. నాకు సైకిల్ పడదు.’’

ఆ ‘పడదు’ అన్న మాటతోనే నాకు పేచీ. చెప్పులు కరిస్తే నడక పడదని ఎవరూ అనుకోరు, చెప్పులు మార్చుకుంటారు. సైకిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తప్పంతా మన ఒంటిదే, మన వయసుదే అని తీర్పు ఇచ్చేసుకుంటాం. ముప్పై వేలు పోసి కొన్న వస్తువు మన కొలతకు లేదన్న అనుమానం కూడా రాదు.

నేనూ అలా మోసపోయినవాణ్నే. ఆరేళ్ల కిందట, నలభై దాటాక, రోడ్ బైక్ కొందామని షాపుకెళ్లాను. అదేనండీ, సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్ ఉండే సైకిలు. నా ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. షాపులో మిగిలింది 56 సైజు ఒక్కటే. ‘‘సీటు దించుకుంటే సరిపోతుంది సార్, లాస్ట్ పీసు, నాలుగు వేలు తగ్గిస్తాను’’ అన్నాడు సేల్స్ కుర్రాడు. ఆ నాలుగు వేలకు పడిపోయాను. రెండు వారాలకు మెడ పట్టేసింది. నెలకు చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. రెండో నెలలో మోకాలి చిప్ప ముందుభాగంలో నొప్పి. ఫిజియోథెరపిస్టు నా మోకాలి కంటే ముందు నా సైకిల్ ఫొటో చూపించమన్నారు. చూసి, ‘‘హ్యాండిల్ అందడం లేదని సీటు బాగా దించేశారు కదూ?’’ అని అడిగారు. ఆ సైకిల్ సగం ధరకు అమ్మాను. తర్వాత 52 సైజుది, అదీ సెకండ్ హ్యాండ్‌ది కొన్నాను. ఇప్పటికీ దాని మీదే తిరుగుతున్నాను.

కాబట్టి నా అభిప్రాయం మొండిగానే చెబుతాను. తక్కువ ధరలో మొదటి రోడ్ బైక్ కొనేవాళ్లు కంపెనీ పేరు, రంగు, బరువు, గేర్ల లెక్క అన్నీ పక్కనపెట్టి ముందు కొలత చూడాలి. కొలత కుదరకపోతే ఎంత డిస్కౌంటు ఇచ్చినా వెనక్కి రావాలి.

కొలత తీసుకోవడం పెద్ద విద్యేం కాదు. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడండి. ఒక లావుపాటి పుస్తకాన్ని రెండు కాళ్ల మధ్య, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుతుందో అంత గట్టిగా పైకి నొక్కి పట్టుకోండి. ఇంట్లోవాళ్లను పిలిచి నేల నుంచి పుస్తకం పైఅంచు దాకా టేపుతో కొలవమనండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ సెంటీమీటర్లను 0.67తో గుణిస్తే పాతకాలం నుంచి వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఫ్రేము సైజు వస్తుంది. నాది 78 సెంటీమీటర్లు, అంటే 52. అదే కొలతను 0.883తో గుణిస్తే పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. నాకు 69. ఈ అంకెలు శిలాశాసనాలు కావు. ఇప్పటి ఫ్రేముల్లో పైగొట్టం వాలుగా ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కోలా సైజులు రాస్తుంది. అయినా షాపులో ‘మీకు మీడియం సరిపోద్ది’ అనే మాటకు ఎదురు నిలవడానికి చేతిలో ఒక అంకె ఉండాలి కదా.

సీటు ఎత్తును అక్కడికక్కడే సరిచూసుకోవడానికి ఇంకో పద్ధతి ఉంది. ఎవరినైనా సైకిల్ పట్టుకోమని సీటు మీద కూర్చోండి. పెడల్ బాగా కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే కావాల్సింది. సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని మన పెద్దవాళ్లు నేర్పిన అలవాటు. ఆ అలవాటే మోకాలికి శత్రువు. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు, మరీ పైకి ఉంటే మోకాలి వెనక నొప్పి రావడం మామూలే. ఆగాల్సి వచ్చినప్పుడు సీటు మీంచి ముందుకు జారి కాలు దించాలి. వారం రోజుల్లో అలవాటవుతుంది.

అన్నిటికీ ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అసలు మీకు రోడ్ బైకే కావాలా? పొట్ట ముందుకొచ్చి, నడుం ఇప్పటికే బాధపెడుతుంటే, ఇరవయ్యేళ్ల తర్వాత మళ్లీ తొక్కబోతుంటే ఆ వంగిన హ్యాండిల్ మొదటి రోజు నుంచే పరీక్ష పెడుతుంది. అలాంటివాళ్లకు తిన్నటి హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ సైకిల్ మేలు. ధరా తక్కువే. రోడ్ బైక్ ఎప్పుడు బాగుంటుందంటే, మంచి రోడ్డు ఎదురుగా ఉన్నప్పుడు, గంటా గంటన్నర ఆగకుండా తొక్కాలని ఉన్నప్పుడు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023 అక్టోబరు 1న మొదలైంది. విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే రోడ్డుంది. అలాంటి చోట తెల్లవారుజామున రోడ్ బైక్ ఇచ్చే ఆనందం వేరు. కూరగాయలకూ, పిల్లల ట్యూషన్‌కూ, గుంతల గల్లీలకూ అయితే అది పనికిరాదు. ఆ సంగతి షాపువాళ్లు చెప్పరు.

సరే, రోడ్ బైకే అనుకున్నారు. 25 వేల నుంచి 40 వేల రూపాయల మధ్య మొదటి మెట్టు సైకిళ్లు దొరుకుతాయి. 2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి బిల్లులో ఆ మాట ఒకసారి చూసుకోండి. ఈ ధరలో అల్యూమినియం ఫ్రేము, పది పదకొండు కిలోల బరువు మామూలే. ‘ఇది అర కిలో తక్కువ సార్’ అన్న మాటకు మురిసిపోవద్దు. ఆ అర కిలో మన నడుం చుట్టూ ఉన్నదాంట్లోంచి తగ్గించుకోవచ్చు, డబ్బు ఖర్చు లేకుండా.

గేర్ల దగ్గర కాస్త నిలబడాలి. చాలా సైకిళ్ల మీద జపాన్ కంపెనీ షిమనో సామగ్రే ఉంటుంది. కింది మెట్టులో వెనక ఏడు పళ్ల చక్రాలుండే టూర్నీ, ఎనిమిదివి ఉండే క్లారిస్, తొమ్మిదివి ఉండే సోరా. మీ డబ్బు క్లారిస్ దాకా సాగితే అక్కడ ఆగండి, అంతకు మించి మొదటి సైకిల్‌కు అవసరం లేదు. ఎన్ని గేర్లు అన్నదానికంటే, అన్నిటికంటే తేలిక గేరు ఎంత తేలిక అన్నది అడగండి. ముందున్న చిన్న చక్రానికి ఎన్ని పళ్లు, వెనకున్న పెద్ద చక్రానికి ఎన్ని పళ్లు? ముందు 34, వెనక 32 ఉంటే బంజారాహిల్స్ ఎత్తులు ఆయాసం లేకుండా ఎక్కొచ్చు. ముందు 39, వెనక 25 అంటే అది కుర్రాళ్ల పందేల సైకిలు. గట్టి గేరును బలవంతంగా నెట్టడం కూడా మోకాళ్ల మీద భారమే.

మా బావమరిది సంగతి ఇక్కడే చెప్పాలి. మనిషి 88 కిలోలు, షుగరు. చౌకగా వస్తోందని ఏడు గేర్ల సైకిల్ కొన్నాడు. అందులో వెనక చక్రానికి పళ్లచక్రాల గుత్తి మొత్తం మరతో బిగించే పాతరకం ఫ్రీవీలు. ఈ రకంలో కుడివైపు బేరింగు లోపలికి జరిగి ఉంటుంది. దాంతో ఇరుసు చివరి భాగానికి ఆసరా తక్కువ. బరువైన మనిషి గుంతలో దబ్బున పడితే వంగుతుంది. నాలుగు నెలల్లో రెండుసార్లు వంగింది. మెకానిక్ చుట్టూ తిరిగి తిరిగి విసుగొచ్చి, ‘‘బావా, నా బరువుకు సైకిల్ పడదు’’ అని సెల్లార్‌లో పెట్టేశాడు. బరువు తగ్గడానికి కొన్న సైకిలు బరువు వల్ల మూలపడటం చూస్తే నాకు కోపం వచ్చింది, వాడి మీద కాదు. ఎనభై కిలోలు దాటినవారు షాపులో ‘ఇది ఫ్రీవీలా, క్యాసెట్టా’ అని అడగండి. క్యాసెట్ ఉన్న చక్రం ఈ విషయంలో గట్టిది. ఎనిమిది గేర్ల నుంచి పైవాటిలో సాధారణంగా అదే ఉంటుంది.

డిస్క్ బ్రేకుల మోజు ఒకటుంది. వర్షంలో డిస్క్ మెరుగే, కాదనను. కానీ ఈ ధరలో వచ్చే కేబుల్ డిస్కులు సరిగ్గా కుదర్చకపోతే రుద్దుకుంటూ కీచుమంటాయి. రిమ్మును పట్టే మామూలు బ్రేకు మంచిదైతే చాలు, వీధి చివరి మెకానిక్ కూడా సరిచేస్తాడు. ఆడవాళ్లు, చిన్న చేతులున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. బ్రేకు పిడి మీద చేయి పెట్టినప్పుడు వేళ్లు మీట దాకా హాయిగా అందుతున్నాయా? కొన్నిటికి మీటను దగ్గరికి తెచ్చే చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పించుకోండి. చిన్న ఫ్రేములు చాలా షాపుల్లో స్టాకు ఉండవు. ‘మేడమ్‌కు ఇదే సరిపోతుంది’ అంటే ఒప్పుకోవద్దు. తెప్పించమనండి, నెల ఆగండి.

టైర్లు మన రోడ్లకు 28 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 32 పట్టేంత చోటు ఫ్రేములో ఉంటే ఇంకా మంచిది. మురుగు కాలువ జాలీల సందుల్లో సన్నటి టైరు ఇరుక్కుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ ట్యూబుల్లో చాలావాటికి ప్రెస్టా అనే సన్నటి వాల్వు ఉంటుంది. పెట్రోలు బంకు గాలి గొట్టం దానికి నేరుగా పట్టదు. అందుకని ప్రెషర్ చూపించే పంపు ఇంట్లో ఉండాలి. వారానికోసారి గాలి కొట్టాలి. గాలి తక్కువైతే గుంత అంచు తగిలి ట్యూబు నొక్కుకుని పంక్చర్ అవుతుంది.

ఇంట్లో లెక్క వేసేటప్పుడు చేతిలో 35 వేలుంటే సైకిల్‌కు 30 వేలే అనుకోండి. మిగతాది హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, పంపు, ఒక ట్యూబు, తాళానికి. హెల్మెట్ లోపల ఈఎన్ 1078 లేదా సీపీఎస్‌సీ ముద్ర ఉందో లేదో చూడండి. చీకటితో బయల్దేరేవాళ్లకు వెనక ఎర్రలైటు సైకిల్ కంటే ముఖ్యం. మెత్తటి జెల్ సీటు కవరు మాత్రం కొనకండి. కూర్చున్న కొద్దీ మెత్తదనం పొంగి సున్నితమైన చోట ఒత్తుతుంది, తిమ్మిరి ఎక్కువవుతుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ నయం.

అంత డబ్బు లేదంటారా? ముందు చెప్పిన సెల్లార్‌కే వెళ్దాం. అక్కడున్నవాటిలో మీ కొలతది ఉంటే యజమానిని అడగండి, చాలామంది సంతోషంగా వదిలించుకుంటారు. గొట్టాల అతుకుల దగ్గర పగుళ్లున్నాయేమో వేలితో తడిమి చూడండి. చక్రం పైకెత్తి తిప్పి, వంకర్లు పోతోందేమో చూడండి. సీటు గొట్టం పైకీ కిందికీ కదలాలి. తుప్పుపట్టి బిగుసుకుపోతే కొలత మార్చుకోలేరు. తెలియనివాళ్ల దగ్గరైతే అసలు బిల్లు, ఫ్రేము నంబరు సరిచూడకుండా డబ్బివ్వకండి.

ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. మొదటి నెల అంతకు మించొద్దు. గుండె జబ్బు ఉన్నవారు, బీపీ అదుపులో లేనివారు డాక్టరును అడిగాకే ఎక్కాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవారికి తొక్కుతుండగా షుగర్ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ బిళ్లలో, నాలుగు చెంచాల పంచదారో ఉండాలి.

మా బావమరిది పాత సైకిల్ అమ్మేసి పోయిన వేసవిలో క్యాసెట్ చక్రం ఉన్న హైబ్రిడ్ తీసుకున్నాడు. ఈసారి షాపుకు టేపు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను. ‘‘బావా, అమ్మాయి తొక్కుతానంటే సీటు దించాను. నేను పెట్టుకున్న గీత చెరిగిపోయింది. నాకెంతని చెప్పావు?’’

‘‘డెబ్బైన్నర’’ అన్నాను. ‘‘ఈసారి పెయింటుతో గీత పెట్టు. అమ్మాయిక్కూడా ఒకటి.’’