కాపురం కోర్టులో ఉన్నప్పుడు ఫోను పక్కన పెడదాం

కాపురం నిలవనప్పుడు విడిపోవడం నేరం కాదు. అయితే విడాకుల కేసు నడుస్తున్న ఇంటి సంగతులు ఫేస్‌బుక్‌కూ, మన సంఘం వాట్సాప్ గ్రూపులకూ ఎక్కితే ఆ దంపతులకూ వాళ్ల పిల్లలకూ జరిగే నష్టం చిన్నది కాదు. ఈ సంచికలో ఆ మాటే సూటిగా చెప్పదలచుకున్నాం.

అమెరికాలో విడాకుల కేసులు వాదించే లాయర్ల అకాడమీ 2010లోనే తన సభ్యులను అడిగితే, అంతకుముందు ఐదేళ్లలో సోషల్ మీడియా సాక్ష్యాల వాడకం పెరిగిందని 81 శాతం మంది చెప్పారు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ కెమెరా ఉంది, ప్రతి ఇంటికీ పది గ్రూపులున్నాయి.

సంపాదన తగ్గింది, భరణం ఇచ్చుకోలేనని ఒక భర్త ప్రమాణం చేసి కోర్టుకు రాసిచ్చాడనుకోండి. అదే నెలలో ఒక ఫోటో బయటికొస్తుంది. బానెట్ మీద పసుపు కుంకుమలు, చక్రాల కింద నిమ్మకాయలు, కొత్త కారు పక్కన తాళంచెవి పట్టుకుని నవ్వుతూ ఆయన. ఫోటో పెట్టింది ఆయన కూడా కాదు, అభిమానంతో ట్యాగ్ చేసిన స్నేహితుడు. అవతలి లాయరుకు అది చాలు. ఆ కారు తమ్ముడిదే కావచ్చు. అయినా జడ్జి ముందు సంజాయిషీ చెప్పుకోవలసింది ఆయనే. పిల్లలు తన దగ్గరే ఉండాలని కోరే తల్లి వాళ్ల నాన్నను తిడుతూ స్టేటస్ పెట్టినా అంతే. పిల్లల మేలు చూసే కోర్టు దాన్నీ చూస్తుంది. మనవాళ్లకే కనబడేలా పెట్టామన్న ధీమా పనికిరాదు. ఆ మనవాళ్లలో అవతలి పక్షం చుట్టాలూ ఉంటారు.

భయపడి పాతవన్నీ తుడిచేస్తే ఇంకా ప్రమాదం. వర్జీనియాలో ఒక ప్రమాద పరిహారం కేసులో ఫేస్‌బుక్ ఫోటోలు తీసేసినందుకు కక్షిదారు 1,80,000 డాలర్లు, ఆ సలహా ఇచ్చిన లాయరు 5,42,000 డాలర్లు కట్టవలసి వచ్చింది. సాక్ష్యాన్ని మాయం చేయడాన్ని విడాకుల కోర్టు కూడా క్షమించదు. కేసు మొదలయ్యాక కొత్తవి పెట్టకండి, పాతవి తీయకండి. ఏం చేయాలో లాయరునే అడగండి.

భారత్, అమెరికా చట్టాలను కలగలపడం మనవాళ్లు చేసే మరో పొరపాటు. భార్యాభర్తల్లో ఒకరు రెండోవారికి తెలియకుండా రికార్డు చేసిన ఫోను మాటలను వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని భారత సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. ఆ వార్త ఫార్వర్డ్‌లో చూసి కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు రహస్యంగా రికార్డు చేస్తే, అక్కడ అది నేరమవుతుంది. పాస్‌వర్డ్ కనిపెట్టి అవతలివారి ఖాతాలోకి దూరినా చిక్కే.

మాట్లాడే హక్కు లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. తల్లిదండ్రులు ఒకరి గురించి ఒకరు సోషల్ మీడియాలో చెడుగా రాయకూడదని ముందే నోరు కట్టేసే ఉత్తర్వును మసాచుసెట్స్ అత్యున్నత కోర్టు 2020లో కొట్టేసింది. కానీ ఇద్దరూ తమంతట తాము అలాంటి ఒప్పందం చేసుకోవచ్చనీ, అది చెల్లుతుందనీ కూడా చెప్పింది. ఆ ఒప్పందం తమ బిడ్డలకు తల్లిదండ్రులు ఇవ్వగల గొప్ప రక్షణ.

హింసను దాచుకోమని మేము అనడం లేదు. ముఖ్యంగా హెచ్-4 వీసా మీద వచ్చి, అమెరికాలో ఉండే హక్కు కూడా భర్త ఉద్యోగంతో ముడిపడ్డ ఆడపడుచులకు ఒక మాట. బెదిరింపు మెసేజీలు తేదీలతో సహా భద్రపరచండి. వాటిని గ్రూపుల్లో కాదు, లాయరుకూ పోలీసులకూ చూపించండి. అక్కడే వాటికి విలువ.

ఇక మిగతా మనందరి బాధ్యత. ఒకరి కాపురం గురించిన స్క్రీన్‌షాట్ మీ ఫోనుకు వస్తే అక్కడితో ఆపండి. కేసు నడుస్తున్నవారిని ఫోటోల్లో ట్యాగ్ చేయకండి. గ్రూపులు నడిపేవారు అలాంటి పోస్టులు కనబడగానే ఆపించాలి. ఆ పిల్లలు రేపు మన బడికే, మన ఉగాది వేదిక మీదికే వస్తారు. వాళ్లు తలెత్తుకుని రాగలిగేలా చూడటం ఈ సంఘంలో ప్రతి ఒక్కరి కర్తవ్యం.